పీఎస్‌2 చిత్రాన్ని ఎల్‌ఈడీ టీవీలో బాగుచేయడం: పదకొండు వారాల ప్రాజెక్టు డైరీ

కన్సోల్ ప్లేస్టేషన్ 2 స్లిమ్, మోడల్ సంఖ్య 77003. 2007లో మా బావ ఇంగ్లండ్ నుంచి తెచ్చినది కాబట్టి పాల్ (యూరప్‌లో వాడిన టీవీ సంకేతాల ప్రమాణం) పద్ధతిలో పనిచేస్తుంది. టీవీ 2014 నాటి 40 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ఎల్‌ఈడీ. దాని వెనక ఏవీ, కాంపోనెంట్, వీజీఏ, హెచ్‌డీఎంఐ నాలుగూ ఉన్నాయి. పని జరిగింది హైదరాబాద్‌లో, మా ఇంటి హాల్లో.

ఈ పని తలపెట్టేవారికి ముందే ఒక మాట. చిత్రం చెడేది ఎక్కువగా కన్సోల్ దగ్గరే: అది ఏ రూపంలో సంకేతం పంపుతోంది, ఏ వైరు మోస్తోంది, ఏ అడాప్టర్ కరెంటు ఇస్తోంది అన్న చోటే. నేను టీవీ వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి నడిచాను. అందుకే కొంత డబ్బు, చాలా సమయం పోయాయి. మీరు కన్సోల్ వైపు నుంచి రండి.

దశ 1: ఉన్నదాన్ని కొలవడం (వారం 1)

కన్సోల్‌తో వచ్చిన పసుపు-ఎరుపు-తెలుపు వైరే అప్పటివరకు వాడుతున్నాను. పసుపు వైరులో వెలుగూ రంగూ ఒకే తీగలో కలిసి ప్రయాణిస్తాయి. పాల్‌లో రంగు 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర వెలుగు మీదే సవారీ చేస్తుంది. టీవీ వాటిని మళ్లీ పూర్తిగా విడదీయలేదు. ఫోను కెమెరాను తెరకు నాలుగు అంగుళాల దూరంలో పెట్టి చూశాను. ఎర్రని కారు అంచు వెంబడి చిన్న చిన్న చుక్కలు చీమల బారులా పైకి పాకుతున్నాయి. స్పీడోమీటరులో 6, 8 అంకెలు ఒకేలా ఉన్నాయి.

ఆలస్యం, అంటే మీట నొక్కినప్పటి నుంచి తెర కదిలే వరకు పట్టే సమయం, కొలవడానికి పెద్ద పరికరాలు అవసరం లేదు. నేను చేసింది ఇది:

1. ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల వీడియో ఎంచుకున్నాను. ఒక్కో ఫ్రేము 4.17 మిల్లీసెకన్లు.
2. బొటనవేలూ తెరా రెండూ కనిపించేలా ఫోను నిలబెట్టాను.
3. ఒకే ఆటలో ఒకే పాజ్ మెనూ తెరిచి మీట పదిసార్లు నొక్కాను. మీట కిందికి దిగిన ఫ్రేము నుంచి మెనూ కదిలిన ఫ్రేము వరకు లెక్కపెట్టి సగటు తీశాను.

ఆటకు కూడా తనదైన ఆలస్యం ఉంటుంది కాబట్టి విడి అంకెకు విలువ లేదు, పోలికకే విలువ. పక్కింటివాళ్ల పాత 21 అంగుళాల గాజు గొట్టం టీవీలో 19 ఫ్రేములు, అంటే 79 మిల్లీసెకన్లు వచ్చింది. ఇకపై నా లక్ష్యం అదే. మా ఎల్‌ఈడీలో ఉన్నది ఉన్నట్టుగా 37 ఫ్రేములు, 154 మిల్లీసెకన్లు. టీవీలో గేమ్ మోడ్ (ఆలస్యం తగ్గించే సెట్టింగు) పెడితే 30 ఫ్రేములకు, 125 మిల్లీసెకన్లకు దిగింది. పైసా ఖర్చు లేకుండా 29 మిల్లీసెకన్లు తగ్గాయి. మిగతా పని మొదలుపెట్టే ముందు మీరూ ఈ ఒక్క మార్పు చేయండి.

ఇప్పటివరకు ఖర్చు: 0 రూపాయలు. సమయం: 3 గంటలు.

దశ 2: ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే డబ్బా (వారం 2)

అరచేతిలో పట్టే చిన్న డబ్బా, మీద 1080పి అని రాసి ఉంది, ధర 650 రూపాయలు. టీవీ తెర మూల 1080పి అని చూపించింది, చిత్రం మాత్రం ముందుకన్నా మసకగా ఉంది. కారణం తేలికే: పసుపు వైరులో కలిసిపోయిన వెలుగునూ రంగునూ ఈ డబ్బా కూడా విడదీయలేదు, ఆ మచ్చలతోనే సాగదీసి పెద్దది చేసింది. చీమల బారు అలాగే ఉంది, ఇంకా లావెక్కింది. ఆలస్యం గేమ్ మోడ్‌లోనే 35 ఫ్రేములకు, 146 మిల్లీసెకన్లకు పెరిగింది.

డబ్బాను పక్కన పెట్టేశాను. పోయిన వివరాన్ని తర్వాతి పరికరం తిరిగి తేలేదని ఇక్కడే అర్థమైంది.

ఇప్పటివరకు: 650 రూపాయలు, 4 గంటలు.

దశ 3: కాంపోనెంట్ వైరు (వారం 2, 3)

పీఎస్‌2 వెనక ఉన్న ఒకే పోర్టు నుంచి మామూలు ఏవీ, ఎస్-వీడియో, ఆర్‌జీబీ, కాంపోనెంట్ నాలుగూ వస్తాయి. ఏది అందుతుందో వైరు నిర్ణయిస్తుంది. కాంపోనెంట్‌లో ఆకుపచ్చ జాక్ వెలుగుకూ, నీలం, ఎరుపు జాక్‌లు రంగు తేడాలకూ. మూడూ వేర్వేరు తీగలు, కలవడమే ఉండదు.

వైరు మార్చేముందు పాత వైరుతోనే మెనూలోకి వెళ్లి ఈ మార్పు చేయాలి:

1. డిస్క్ లేకుండా కన్సోల్ ఆన్ చేయండి.
2. సిస్టమ్ కాన్ఫిగరేషన్ తెరవండి.
3. కాంపోనెంట్ వీడియో అవుట్ అన్న వరుసలో ఆర్‌జీబీ తీసేసి వై-సీబీ-సీఆర్ ఎంచుకోండి.

ఇది మరిచి వైరు మార్చితే రంగులు తప్పుతాయి, లేదా చిత్రమే రాదు. అప్పుడు వైరు పాడైందని అనుకుంటారు.

మొదట కొన్న 450 రూపాయల వైరు నిజంగానే సరిగ్గా లేదు. రంగులు శుభ్రంగా వచ్చాయి, చుక్కలు పోయాయి, కానీ తెల్లని వస్తువుల కుడివైపు సన్నని నీడ పడింది. ఆటలో ధ్వని పెంచితే తెరపై సన్నని గీతలు వణికాయి. వైరును మధ్యలో బ్లేడుతో కోసి చూశాను. ఐదు తీగలు ఒకే రబ్బరు గొట్టంలో పక్కపక్కన పడుకుని ఉన్నాయి, ఏ ఒక్కదానికీ విడిగా లోహపు జాలీ లేదు. ధ్వని తీగ పక్కనే వెలుగు తీగ నడుస్తుంటే ఇంకేం జరుగుతుంది!

రెండోసారి 1,200 రూపాయలు పెట్టి ప్రతి తీగకూ విడి జాలీ ఉన్న వైరు తీసుకున్నాను. కొనేముందు చూడాల్సిన గుర్తు ఒకటే: ఐదు తీగలూ పోర్టు దగ్గర నుంచే విడివిడిగా, ఒక్కోటి పెన్సిలంత లావుగా ఉండాలి. నీడ పోయింది. 6, 8 అంకెలు వేర్వేరుగా కనిపించాయి. మొత్తం ప్రాజెక్టులో కంటికి కనబడే పెద్ద మార్పు ఇదే.

ఆలస్యం మాత్రం మారలేదు: 30 ఫ్రేములు.

ఇప్పటివరకు: 2,300 రూపాయలు, 7 గంటలు.

దశ 4: తెరపై కదిలే పట్టీలు (వారం 4, 5, 6)

చిత్రం శుభ్రపడ్డాకే ఇది కంటబడింది. ముదురు రంగు తెరల మీద రెండు అడ్డపట్టీలు, కాస్త లేత రంగులో. మూడు వారాలు దీనికే పోయాయి. ఎవరూ ఇంత సమయం పెట్టకూడదు కాబట్టి కనిపెట్టిన పద్ధతి వివరంగా రాస్తున్నాను.

పాల్ కన్సోల్ సొంత మెనూ సెకనుకు 50 సార్లు తెరను గీస్తుంది. మన ఇంటి కరెంటూ 50 హెర్ట్జే. కరెంటులోని గుర్రు (హమ్ అనే అలజడి) చిత్రంలోకి జొరబడితే ఆ మెనూలో పట్టీ దాదాపు నిలబడిపోతుంది. అదే 60 హెర్ట్జ్ ఎంపిక ఉన్న ఆట పెడితే అసలు వేగం 59.94. తేడా సుమారు 10. కాబట్టి పట్టీ సెకనుకు పదిసార్లు పరిగెత్తి మినుకుమినుకుమంటుంది. నా దగ్గర సరిగ్గా ఇదే జరిగింది. దోషి కరెంటు అని తేలిపోయింది.

మెనూలో కూడా పట్టీ పూర్తిగా నిలవలేదు. గడియారం పెట్టి చూస్తే ఒక రాత్రి తెర కింది నుంచి పైకి చేరడానికి 40 సెకన్లు పట్టింది. మరో మధ్యాహ్నం అదే పట్టీ ఎదురు దిశలో నడిచింది. దీనికీ కారణం ఉంది. మన దేశపు గ్రిడ్ కచ్చితంగా 50 దగ్గర ఆగదు, 49.90 నుంచి 50.05 వరకు అనుమతించిన పరిధిలో కొద్దికొద్దిగా ఊగుతుంటుంది. 40 సెకన్లకు ఒక చుట్టు అంటే తేడా 0.025 హెర్ట్జ్. మా హాల్లో టీవీ తెర గ్రిడ్ ఊపిరిని చూపిస్తోందని గ్రహించిన ఆ రాత్రి నాకు చాలా ఆనందమేసింది.

ఇక పట్టీలు ఎన్ని అన్నది లెక్క. మెనూలో ఒక్క పట్టీ ఉంటే 50 హెర్ట్జ్ గుర్రు, అంటే ఎర్త్ దారిలో తిరుగుతున్న కరెంటు. రెండు పట్టీలుంటే 100 హెర్ట్జ్, అంటే ఏసీని డీసీగా మార్చే అడాప్టర్‌లో వడపోత సరిగా లేదని అర్థం. నాకు రెండు కనిపించాయి.

అసలు అడాప్టర్ పాడై ఎప్పుడో ఇంకొకటి తెచ్చుకున్నాను. దానిమీద 8.5 వోల్టులు అనే ఉంది. మల్టీమీటర్ పెడితే:

– ఖాళీగా ఉన్నప్పుడు 8.9 వోల్టులు
– ఆట నడుస్తుండగా 8.1 వోల్టులు

900 రూపాయలతో మరో అడాప్టర్ తీసుకుని కొలిస్తే 8.6, 8.5. రెండు పట్టీలూ మాయమయ్యాయి. కానీ వాటి చోట ఒకే ఒక్క లేత పట్టీ మిగిలింది. అది ముందు నుంచీ ఉందో ఏమో, గట్టి పట్టీల చాటున కనబడలేదు.

ఒక్క పట్టీ అంటే ఎర్త్. టీవీకి తగిలించిన వైర్లను ఒక్కొక్కటే తీస్తూ వచ్చాను. డీవీడీ ప్లేయర్ తీస్తే మార్పు లేదు. సెట్‌టాప్ బాక్సు ప్లగ్గు పీకినా మార్పు లేదు. బాక్సు వెనక కేబుల్ టీవీ వైరు మర తిప్పి తీయగానే పట్టీ పోయింది. వీధి నుంచి వచ్చే ఆ వైరు జాలీ ఒక ఎర్త్, మా ఇంటి సాకెట్ ఇంకో ఎర్త్. రెండిటి మధ్య కొద్దిపాటి తేడా కన్సోల్ వైరు మీదుగా ప్రవహిస్తోంది. ఆ కేబుల్ వైరు మధ్యలో తగిలించి రెండు ఎర్త్‌లను విడదీసే చిన్న ఐసొలేటర్ 180 రూపాయలకు కోఠి గుజరాతీ గల్లీలో దొరికింది.

దీనికి విరుగుడుగా మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేయమని కొందరు చెబుతారు. దయచేసి ఆ పని చేయకండి. పట్టీ పోతుంది, ప్రాణరక్షణా పోతుంది.

ఇప్పటివరకు: 3,380 రూపాయలు, 19 గంటలు.

దశ 5: స్కేలర్ బోర్డు (వారం 7, 8, 9)

మిగిలిన సమస్యలు రెండు. 60 హెర్ట్జ్‌లో పెట్టిన పీఎస్‌2 ఆటలు చాలావరకు 480ఐ: ఒకసారి బేసి గీతలు, మరోసారి సరి గీతలు పంపుతుంది. వాటిని అతికే పని టీవీది, అందుకు అది సమయం తింటుంది. రెండోది, పీఎస్‌2లో నడిచే పాత పీఎస్‌1 ఆటలు 60 హెర్ట్జ్‌లో చాలావరకు 240పిలో, అంటే బేసి-సరి లేని 240 గీతల చిత్రంగా వస్తాయి. మా టీవీ దాన్ని 480ఐ అని పొరబడి, లేని బేసి-సరి గీతలను అతకబోతుంది. అక్షరాలు పైకీ కిందికీ అదిరిపోతాయి.

వచ్చే చిత్రాన్ని టీవీకి తగిన రూపంలోకి మార్చేదే స్కేలర్. జీబీఎస్‌-8200 అనే స్కేలర్ బోర్డు చవకగా దొరుకుతుంది. దానిలోని ట్రూవ్యూ 5725 చిప్ మంచిదే, దాన్ని నడిపే అసలు ప్రోగ్రామే బాగోదు. జీబీఎస్‌-కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను ఈఎస్‌పీ8266 వైఫై బోర్డులో ఎక్కించి పగ్గాలు దానికి ఇస్తే చిప్ అసలు సత్తా బయటపడుతుంది.

1. బోర్డు మీద పీ8 అన్న రెండు కాళ్లకు జంపర్ (రెంటినీ కలిపే చిన్న క్లిప్పు) పెట్టాలి. పాత కంట్రోలర్ మూగబోతుంది.
2. ఈఎస్‌పీ డీ1 కాలు నుంచి బోర్డు ఎస్‌సీఎల్‌కు, డీ2 నుంచి ఎస్‌డీఏకు వైర్లు.
3. డీ6 నుంచి 5725 చిప్ పక్కనున్న డీబగ్ చుక్కకు వైరు.
4. 5 వోల్టులు, ఎర్త్ రెండూ బోర్డు నుంచే.
5. ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు ప్రాసెసర్ వేగం 160 మెగాహెర్ట్జ్ అని ఎంచుకోవాలి.

ఐదో మెట్టు నేను చూసుకోలేదు. 80లోనే ఎక్కించాను. ఫోనులో నియంత్రణ పేజీ తెరుచుకుంది, చిత్రం వచ్చింది, కానీ కొద్ది నిమిషాలకోసారి తెర నల్లబడి మళ్లీ వచ్చేది. వైర్లన్నీ రెండుసార్లు విప్పి టంకం వేశాక ఆ అంకె గుర్తొచ్చింది. 160కి మార్చి ఎక్కించాక ఆ జబ్బు పోయింది.

మూడో మెట్టులో టంకం వేయాల్సిన చోటు ఆవగింజలో సగం ఉంటుంది. మొదటిసారి లావు వైరు వాడాను. టంకం ఆరేలోపే వైరు బరువుకు చుక్క పక్కకు లాగింది, పైకి అతికినట్టే ఉంది కానీ మల్టీమీటర్ మోగలేదు. రెండోసారి సన్నని ఎనామిల్ తీగ తీసుకుని, కొనకు ముందే టంకం పూసి, తీగ మిగతా భాగాన్ని టేపుతో బోర్డుకు అదిమి, ఆ తర్వాత వేడి టంకపు ఇనుము ఒక్క సెకను ఆనించాను. నిలబడింది. ఆ వైరు పొడవు కూడా ముఖ్యమే. 18 సెంటీమీటర్లు ఉన్నప్పుడు చిత్రం మధ్యలో అప్పుడప్పుడు అడ్డంగా చిరిగేది. 7 సెంటీమీటర్లకు కోసి, ఎర్త్ తీగతో కలిపి జడలా పురి పెడితే చిరగడం ఆగింది.

కరెంటుకు మొదట పాత ఫోను ఛార్జరు వాడాను. ముదురు నీలం తెర మీద ఏటవాలుగా నేత నేసినట్టు గీతలు. కొలిస్తే 4.7 వోల్టులే వస్తోంది. 5 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్ పెట్టాక 5.1 వచ్చింది, నేత పోయింది. నాలుగో దశ పాఠం అప్పటికే నేర్చుకున్నాను కాబట్టి ఈసారి అరగంటలో తేలింది.

చివరగా ఎస్ఐ5351 అనే గడియారపు బోర్డు. అది లేకపోతే బయటికి వెళ్లే చిత్రం వేగం, లోపలికి వచ్చే వేగంతో సరిగ్గా కలవదు. అప్పుడప్పుడు సవరించుకుంటూ చిన్న కుదుపు ఇస్తుంది. రేసు ఆటలో రోడ్డు మీది తెల్లగీతలు చూస్తే తెలుస్తుంది. 350 రూపాయలకు ఈ కుదుపు పోతుంది. ఇది తప్పకుండా పెట్టుకోండి.

టీవీకి వీజీఏ ద్వారా 1280×960 పంపుతున్నాను. 480 గీతలకు సరిగ్గా రెట్టింపు, నిష్పత్తి 4:3 కూడా చెడదు. కొలతలు:

– బేసి-సరి గీతలను కదలికను బట్టి అతికే పద్ధతిలో 27 ఫ్రేములు, 112 మిల్లీసెకన్లు
– బాబ్ పద్ధతిలో 25 ఫ్రేములు, 104 మిల్లీసెకన్లు

బాబ్‌లో ప్రతి అర్ధచిత్రాన్నీ (బేసి గీతలు లేదా సరి గీతలు మాత్రమే ఉన్నదాన్ని) విడిగా సాగదీస్తారు కాబట్టి నిలిచిన అక్షరాలు కొంచెం వణుకుతాయి. పోరాట ఆటలకు బాబ్, కథ చదవాల్సిన ఆటలకు మొదటి పద్ధతి పెట్టుకున్నాను. పీఎస్‌1 ఆటల్లో అదురు పూర్తిగా పోయింది. 240పిని ఈ బోర్డు 240పిగానే గుర్తిస్తుంది.

ఖర్చు: బోర్డు 1,900, ఈఎస్‌పీ 280, అడాప్టర్ 220, గడియారం 350, వీజీఏ వైరూ చిల్లర సామానూ 250.
ఇప్పటివరకు: 6,380 రూపాయలు, 38 గంటలు.

దశ 6: కన్సోల్‌నే 480పి పంపమనడం (వారం 10)

ఇది మూడో దశ తర్వాతే చేయాల్సింది. పీఎస్‌2 బేసి-సరి లేకుండా నిండు 480 గీతలు పంపగలదు, ఆట అడగాలి అంతే. కొన్ని ఆటల్లో మొదలయ్యేటప్పుడు త్రికోణం, ఎక్స్ మీటలు కలిపి పట్టుకుంటే ఆ ఎంపిక వస్తుంది. గ్రాన్ టూరిస్మో 4 అమెరికా డిస్క్‌లో 480పి, 1080ఐ రెండూ ఉన్నాయి. నా పాల్ డిస్క్‌లో ఆ ఎంపికలు కనబడలేదు. యూరప్ కోసం చేసిన చాలా డిస్క్‌ల నుంచి వాటిని తీసేశారు.

అందుకని 600 రూపాయలు పెట్టి ఫ్రీ మెక్‌బూట్ (కన్సోల్‌లో బయటి ప్రోగ్రామ్‌లు నడపనిచ్చేది) ఉన్న మెమరీ కార్డు తీసుకున్నాను. అందులోంచి జీఎస్ఎమ్ అనే చిన్న ప్రోగ్రామ్ నడిపి, నా డిస్క్‌లనే 480పిలో బలవంతంగా తెరిచాను. 77003లో ఇది పనిచేస్తుంది. స్లిమ్‌లలో ఆఖరున వచ్చిన 90000 వరుసలో చాలావాటిలో ఈ కార్డు పనిచేయదు.

పన్నెండు ఆటలు పరీక్షించాను.

– 7 చక్కగా నడిచాయి.
– 3 ఆటల్లో చిత్రం సగం వివరంతో, పైకీ కిందికీ ఊగుతూ వచ్చింది. ఇవి లోపల అర్ధచిత్రాలే గీస్తాయి, కాబట్టి నిండు చిత్రం అడిగినా ఇవ్వలేవు.
– 2 ఆటలు మధ్యలో వచ్చే వీడియో దగ్గర ఆగిపోయాయి.

చక్కగా నడిచిన వాటిలోనూ కొన్ని కాస్త మెత్తగా కనిపిస్తాయి. గాజు టీవీల్లో మినుకు తగ్గించడానికి పీఎస్‌2 పక్కపక్క గీతలను కలిపి పంపే ఏర్పాటు వాటిలో ఉంది. 480పి పెట్టినా ఆ కలపడం అలాగే ఉంటుంది.

ఇప్పుడు అసలు కొలత. 480పిని స్కేలర్ లేకుండా, కాంపోనెంట్ వైరుతో నేరుగా టీవీకి ఇచ్చాను: 24 ఫ్రేములు, 100 మిల్లీసెకన్లు. మూడు వారాలు టంకం వేసిన బోర్డుకన్నా తక్కువ. అక్షరాలూ స్థిరంగా ఉన్నాయి. నా ఆటల్లో సగానికి పైగా స్కేలర్ అవసరమే లేదు. బోర్డు వృథా కాలేదు. మిగిలిన ఐదు ఆటలకూ పీఎస్‌1 ఆటలకూ అదే దిక్కు. కానీ కొనే వరుస మాత్రం ఇదీ: గేమ్ మోడ్, మంచి వైరు, మంచి అడాప్టర్, 480పి, ఇంకా కావాలనిపిస్తేనే బోర్డు.

ఇప్పటివరకు: 6,980 రూపాయలు, 44 గంటలు. ఇందులో వృథా 1,100: హెచ్‌డీఎంఐ డబ్బా, మొదటి వైరు.

దశ 7: టీవీ సర్దుబాట్లు (వారం 11)

1. షార్ప్‌నెస్ 50 నుంచి 0కి. అక్షరాల చుట్టూ తెల్లని అంచు పోయింది.
2. నాయిస్ రిడక్షన్ ఆఫ్.
3. తెర నాలుగంచులూ కోసేసే ఓవర్‌స్కాన్ ఆఫ్. కాంపోనెంట్‌లో దీని ఎంపిక వేరుగా ఉంటుంది, వీజీఏలో మార్చింది దానికి వర్తించదు.
4. తెర నిష్పత్తి 4:3. ఇంట్లో అందరూ సాగదీసి చూడమన్నారు, నేను ఒప్పుకోలేదు. చక్రాలు గుండ్రంగా ఉండాలి.

మళ్లీ అదే ఎర్ర కారు, అదే నాలుగు అంగుళాల దూరం, అదే ఫోను. అంచు వెంబడి పాకేవి ఏమీ లేవు. వెనక అద్దం మీద ఇన్నేళ్లుగా గీత అనుకున్నది చిన్న అక్షరాల వరుస. చదవగలిగాను.

పక్కింటి గాజు టీవీకీ మా టీవీకీ తేడా ఇప్పుడు 5 ఫ్రేములు, 21 మిల్లీసెకన్లు. అది టీవీ సొంత ఆలస్యం, ఈ వైపు నుంచి తీయగలిగింది కాదు. మిగిలిన పని ఒకటే: స్కేలర్ బోర్డు ఇంకా అట్టపెట్టె మీద తెరిచి ఉంది. దాని వేడి చిప్ మీద చిన్న అల్యూమినియం రెక్క అంటించి, గాలి ఆడే ప్లాస్టిక్ పెట్టెలో బిగించాలి.